అద్దం మీది కథ

అక్షరాలు అంటించే మనిషి ‘అమ్మ’ అన్న మాట దగ్గర ఆగాడు. దాని కింద గాలిబుడగ పడింది. చొక్కా కాలరుకు గుచ్చుకున్న గుండుసూది తీసి బుడగను పొడిచి, బొటనవేలితో నొక్కి సాపు చేశాడు. చిన్నకోడలు బయట నిలబడి చూస్తోంది. ఆమె చూపు అక్షరాల మీద లేదు. వాటి సందుల్లోంచి, షాపు లోపల కుట్టుమిషను ముందు వంగి కూర్చున్న పెద్దకోడలి మీద ఉంది. అక్క ఇంకా తలెత్తలేదు.

వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. అన్నదమ్ముల్ని కట్టుకుని ఒకే ఇంటికి వచ్చారు. ఇంట్లో మొదలైన పిలుపులు బజారుదాకా పాకి, వీధిలో అందరికీ పెద్దకోడలు, చిన్నకోడలు అయిపోయారు. బట్టలు సరిచేసే ఆ షాపు ఇద్దరిదీ. పెద్దామె కొలుస్తుంది, కత్తిరిస్తుంది, కుడుతుంది. చిన్నామె వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంది, కొలతలు రాసుకుంటుంది, ఇస్త్రీ చేస్తుంది, చెప్పిన రోజుకు పని కాకపోతే నవ్వించి పంపిస్తుంది.

ఇప్పుడు అద్దం తలుపు మీద నిలువెత్తు బొమ్మ చిన్నామెదే. పసుపుపచ్చ కోటు, చేతిలో పెద్ద కత్తెర. దారాలు తెంచడానికి తప్ప ఆ కత్తెర ఆమె ఎప్పుడూ పట్టలేదు. బొమ్మ పక్కనే తెల్లటి అక్షరాల్లో కథ.

‘నాకు ఎనిమిదేళ్ళు. అమ్మకు కాళ్ళు పనిచేసేవి కావు. మిషను బల్ల కింద కూర్చుని రెండు చేతులతో నేను పెడలు నొక్కేదాన్ని, పైన అమ్మ కుట్టేది. ఒకరోజు ఆ మిషను మీదే తల వాల్చి కన్నుమూసింది. ఇక్కడ పడే ప్రతి కుట్టూ ఆమెదే.’

బల్ల కింద కూర్చున్న పిల్ల చిన్నకోడలు కాదు. పెద్దకోడలు.

వ్యాపారుల సంఘం పెట్టిన క్లాసులో బ్రాండింగు మాస్టారు మైకు చిన్నకోడలి ముందు పెట్టి "మీ కథేంటమ్మా?" అని అడిగినప్పుడు ముప్ఫైమంది ఇటు తిరిగారు. అంతకుముందు మాట్లాడిన కళ్ళజోళ్ళ దుకాణం ఆయన, సైకిళ్ళు బాగుచేసే ఆయన ఏం చెప్పాలో తెలియక నీళ్ళు నమిలారు. చిన్నకోడలికి జీవితంలో ఎప్పుడూ మాట తడుముకోవాల్సిన అవసరం రాలేదు. ఆ క్షణంలో నోటికి ఏది అందితే అది వచ్చింది. ఎప్పుడో ఇస్త్రీ చేస్తూ అక్క నోట విన్న నాలుగు ముక్కలు ‘నేను’ అని మొదలుపెట్టి చెప్పేసింది. బేకరీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. చప్పట్లు కొట్టారు. మాస్టారు అదంతా వీడియో తీసి నెట్‌లో పెట్టేశాడు. ఇక వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు. చనిపోవడం సంగతి మాస్టారు కలిపాడు. కథకు ముగింపు ఉండాలన్నాడు.

అక్షరాలవాడు నిచ్చెన మడుస్తుండగా మాస్టారే స్వయంగా వచ్చాడు. తెల్లబూట్లు, తలమీదికి ఎత్తిపెట్టిన నల్లకళ్ళజోడు. రోడ్డుకు అవతల నిలబడి ఒకసారి, ఇవతలికి వచ్చి ఒకసారి చూశాడు.

"ఏ పెద్ద పాప్ గాయనినైనా తీసుకోండి. ముఖం చూడక్కర్లేదు, నీడ చూసి చెప్పేస్తాం ఫలానా అని. మీ నీడ చూస్తే ఏం తెలియాలి?"

"ఈమధ్య కాస్త లావయ్యానని తెలుస్తుంది సార్."

మాస్టారు నవ్వలేదు. "ఆ పసుపు కోటు విప్పొద్దు. ఒక ముఖం, ఒక రంగు, ఒక కథ. అంతే. వాళ్ళు పాటలు అమ్ముతున్నారని మనం అనుకుంటాం. కాదు, తమని అమ్ముతున్నారు. అభిమానులకి పేరు పెట్టమన్నాను, పెట్టారా?"

"దారాలు," అంది చిన్నకోడలు కాస్త సిగ్గుపడుతూ.

"అద్భుతం." ఆయన లోపలికి వచ్చాడు. వీధివైపు కిటికీ పక్కన మిషను దగ్గర పెద్దకోడలు ఒక ప్యాంటు కాలి మడత విప్పుతోంది. ఆయన ఆమెను కాకుండా ఆమె కూర్చున్న చోటును చూశాడు. "ఇక్కడ ఒక కర్టెన్ పడాలి. పసుపుది. స్టేజీ మీద గాయని ఒక్కతే ఉంటుంది. దీపాలు వేసేవాళ్ళు, వెనక గొంతు కలిపేవాళ్ళు ఎప్పుడైనా కనబడ్డారా? వాళ్ళని తక్కువ చెయ్యడం కాదమ్మా, అదొక పద్ధతి."

పెద్దకోడలు అప్పుడు తలెత్తింది. "కర్టెన్ కడితే వెలుతురెట్లా?"

"లైటు పెట్టిద్దాంలే అక్కా," అంది చిన్నకోడలు త్వరగా.

"నీ ఇష్టం," అని పెద్దామె మళ్ళీ మడత మీదికి వంగింది.

బొమ్మ విషయంలోనూ అంతే అంది. నీ ఇష్టం. కానీ కథ సంగతి ఆమెకు చెప్పలేదు. లోపల్నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. ఆ ఒక్క సంగతిని ఊతంగా పట్టుకుని చిన్నకోడలు సోమవారం గడిపింది.

మంగళవారం పొద్దున మొదట వచ్చినాయన లాయరు దగ్గర గుమాస్తా. తన కోటు చేతి అస్తరు మార్చమని పోయినవారమే ఇచ్చాడు. చిన్నకోడలు మాస్టారు నేర్పినట్టు రెండు చేతులూ చాచి, "రండి రండి, మా దారం వచ్చేసింది," అంది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. "దారమేంటమ్మా? ఏది, పెద్దామె లేదా?"

"ఉందండి, లోపల."

"ఒంట్లో బాగాలేదా ఏంటి, తెర కట్టారు?"

తెర వెనక మిషను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. చిన్నకోడలికి చెమట పట్టింది. ఆ పసుపు కోటు దళసరిది, ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడి పనిచేసే మనిషి వేసుకునేది కాదు. గుమాస్తా కోటు తొడుక్కుని, చేయి మడిచి చాచి చూసుకుని, తెరవైపు తిరిగి, "బాగా కుదిరిందమ్మా," అని చెప్పి వెళ్ళాడు.

మధ్యాహ్నం టీ ఇవ్వడానికి తెర తొలగించినప్పుడు చూసింది. పెట్టిన లైటు కుడిపక్క ఉంది. పెద్దకోడలి చేయి నీడ సరిగ్గా సూది మీదే పడుతోంది. నల్లటి బట్ట మీద నల్లదారంతో చేతికుట్టు. అక్క తెర అంచును బట్టలు ఆరేసే క్లిప్పుతో కిటికీ ఊచకు పట్టించి జానెడు సందు చేసుకుంది. ఆ సందులోంచి పడే వెలుతురు చార ఎటు కదిలితే అటు కుర్చీ జరుపుకుంటోంది. పొద్దుటినుంచి రెండు మూరలైనా జరిగి ఉంటుంది.

"లైటు ఇటువైపు మార్పిస్తానక్కా."

"మారుద్దువుగానిలే." టీ గ్లాసు అందుకుని పెద్దకోడలు కళ్ళు మూసుకుని రెండు వేళ్ళతో రెప్పలు ఒత్తుకుంది. ఏదైనా అంటే బాగుండునని చిన్నకోడలికి అనిపించింది. తిడితే తనకు జవాబు వచ్చు.

బుధవారం పదకొండింటికి దారపు రీళ్ళు కొనడానికి వెళ్ళిన పెద్దకోడలు తిరిగి వస్తూ అద్దం ముందు ఆగింది. చిన్నకోడలు లోపల్నుంచి చూసింది. తిరగబడ్డ అక్షరాల వెనక అక్క ముఖం. పెదవులు కదులుతున్నాయి, మెల్లగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు. చివరి వరుసదాకా వచ్చాక పెదవులు ఆగిపోయాయి. మనిషి మాత్రం కదలలేదు. వెనకనుంచి వచ్చిన ఎవరో పక్కకి జరగమంటే జరిగి, మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడింది.

తరవాత తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. రీళ్ళ సంచి బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని తెర వెనక్కి వెళ్ళిపోయింది.

చిన్నకోడలు ‘అక్కా’ అనబోయింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

అవతల ఎవరో అమ్మాయి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఫలానా గాయని దగ్గర పనిచేస్తుందట. ఆ గాయని పేరు వినగానే చిన్నకోడలు ఇస్త్రీ పెట్టె నిలబెట్టేసింది. బస్సుల మీద, పాల దుకాణాల మీద ఎక్కడ చూసినా వెండి జాకెట్టు వేసుకున్న ఆ పిల్ల బొమ్మే. శనివారం సాయంత్రం ఇక్కడి స్టేడియంలో కచేరీ. జాకెట్టు చంకల దగ్గర పట్టేస్తోంది, ఇప్పటికి ఇద్దరు దర్జీలు చూసి ఇంకా పాడుచేశారు. "మీ వీడియో మేడం చూశారండీ. మీ అమ్మగారి కథ వినగానే ఈమే కావాలన్నారు. శుక్రవారం మూడింటికి వస్తాం. మీరు పిన్నులు పెట్టి సరిచేస్తుంటే మేం షూట్ చేసుకుంటాం. మీ చేతులు దగ్గరగా కనబడాలి."

"తప్పకుండా," అంది చిన్నకోడలు.

మాస్టారికి చెబితే ఫోనులోనే ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "మీ దశ తిరిగిందమ్మా. ఒక్క పది నిమిషాలు చేతులు ఆడించండి చాలు. స్టార్ కూడా అన్ని పాటలూ గొంతెత్తి పాడదు, పెదవులు కదుపుతుంది."

గురువారం పొద్దున్నే షాపు తెరవకముందే తోడికోడళ్ళిద్దరూ వచ్చారు. రమ్మని అడిగింది చిన్నకోడలు. తెర పక్కకు లాగి, పాత కోటు ఒకటి మూలనున్న మొండెం బొమ్మకు తొడిగి, పిన్నుల దిండు మణికట్టుకు కట్టుకుంది. విషయమంతా చెప్పింది. పెద్దకోడలు విని, "పిన్ను అట్లా నిలువుగా పెట్టకు, ఒంట్లో దిగుద్ది," అంది.

"ఎట్లా?"

"బట్టని చిటికెడు పట్టుకో. అంచుకి అడ్డంగా. ముందు వేలితో ఒంటిని కాచుకో, పిన్ను నీ వేలికి తగలాలి గాని వాళ్ళకి తగలకూడదు." ఆమె పెట్టి చూపించింది. వరసగా ఆరు పిన్నులు, ఒకే ఎడంతో, చూడకుండానే. చిన్నకోడలు పెట్టిన మూడూ మూడు దారులు పట్టాయి.

"చెయ్యి ఎత్తితే పట్టేస్తుందంటే తప్పు చంకలో ఉండదు. జబ్బ దగ్గర ఉంటది. అందరూ చంక విప్పి పాడుచేస్తారు."

"జబ్బ దగ్గర," అని వల్లె వేసుకుంది చిన్నకోడలు. వేలికి పిన్ను గుచ్చుకుని రక్తపు చుక్క తేలింది. నోట్లో పెట్టుకుంది.

పెద్దకోడలు ఆ మూడు పిన్నులూ తీసి ఒక్కొక్కటే దిండుకు గుచ్చుతూ, చేతిపని ఆపకుండానే మాట్లాడింది.

"అద్దం మీద బొమ్మ నీదే ఉంచుకో. నాకు బొమ్మలెందుకు? నీ ముఖం నవ్వుముఖం, చూసి పదిమంది వస్తారు. మా అమ్మని మాత్రం నాకిచ్చెయ్యి."

చిన్నకోడలు వేలు నోట్లోంచి తీయలేదు.

"మిషను మీద పోయిందని రాశావు. మా అమ్మ మిషను మీద పోలేదు. ఆస్పత్రిలో పోయింది. పోయేముందు నాతో ఒకటే మాట అంది, ఆ మిషను అమ్మెయ్యవే, నీ చేతులు చూడలేకపోతున్నా అని. నేను అమ్మలేదు." ఆమె అరచేతులు ఒకసారి చూసుకుని మూసేసింది. "ఇది నీకు చెప్పలేదుగా. అందుకని నీ తప్పు లేదులే ఆ ముక్కలో. మిగతాదాంట్లో ఉంది."

"మాస్టారు..."

"మాస్టారికి నేనెవరో తెలీదు. నీకు తెలుసు."

చిన్నకోడలు కుర్చీ అంచున కూర్చుంది. "రేపొక్కరోజు అక్కా. ఆ పిల్ల వస్తోంది. మాటిచ్చేశాను. ఎల్లుండి పొద్దున్నే గీకించేస్తాను, ఒట్టు."

పెద్దకోడలు ఆఖరి పిన్ను దిండుకు గుచ్చింది. "ఎల్లుండి," అంది. అడిగినట్టు లేదు, ఒప్పుకున్నట్టూ లేదు. తెర మళ్ళీ లాగుకుంది. దాచాలనుకున్న చిన్నకోడలే లాగాల్సిన తెర అది. ఆవిడే లాగుకుంది.

ఆ రోజు ఇంట్లో చిన్నకోడలు దిండ్లకూ దుప్పట్లకూ పిన్నులు పెట్టి చూసుకుంది. భర్త తన చొక్కా మీద పెట్టుకోమని నిలబడ్డాడు. రెండోసారి గుచ్చుకోగానే, "స్టార్ సంగతేమో గాని నన్ను జల్లెడ చేసేట్టున్నావు," అని అవతలికి వెళ్ళిపోయాడు. ఆమె నవ్వలేకపోయింది.

శుక్రవారం మూడున్నరకు కారు వచ్చి ఆగింది. గాయని బస్సుల మీద బొమ్మలో ఉన్నంత పొడుగు లేదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల, జలుబు చేసి ముక్కు ఎర్రబడింది. వెండిపూసలు కుట్టిన జాకెట్టు తానే ఎత్తుకుని వచ్చింది, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు. వెంట ఫోనులో మాట్లాడిన సహాయకురాలు, కెమెరా పట్టుకున్న ఒకతను. షాపులో ఇక నిలబడే చోటు లేదు.

"మీరేనా," అంది గాయని, అద్దం మీది బొమ్మనూ మనిషినీ మార్చి మార్చి చూస్తూ. "నమస్తే ఆంటీ."

జాకెట్టు నాలుగు కిలోలకు తగ్గదు. తొడుక్కుని చేతులు ఎత్తితే భుజాలు చెవులదాకా లేచి, ముందరి భాగం డబ్బాలా నిలబడిపోయింది. చంక కింద పాత కుట్లు విప్పి కుట్టి విప్పి కుట్టి బట్ట జల్లెడలా ఉంది. కెమెరా అతను మోకాళ్ళ మీద కూర్చుని చిన్నకోడలి చేతులకు జానెడు దూరంలోకి వచ్చాడు.

చిటికెడు పట్టుకో. అడ్డంగా. వేలితో కాచుకో. మొదటి పిన్ను దిగింది. రెండోది పూసకు తగిలి జారింది. పిన్ను జారడం ఆమెకు కనిపించింది, అంటే కెమెరాకూ కనిపించింది. కింద పడ్డ పిన్ను వెతుక్కుని మళ్ళీ పెట్టింది.

తెర వెనక మిషను ఒకే వేగంతో నడుస్తోంది.

"ఒకటి అడగనా ఆంటీ?" అంది గాయని, చేతులు ఎత్తిపెట్టే ఉంచి. ఆ గొంతులో కెమెరా కోసం వేసుకున్న తళుకు లేదు. "మీ కథ విన్నప్పట్నుంచి ఇదే ఆలోచిస్తున్నా. బల్ల కింద కూర్చుంటే మీకు ఏం కనబడేది? అమ్మ ముఖం కనబడదు కదా. రోజంతా ఏం చూస్తూ ఉండేవాళ్ళు?"

మిషను ఆగింది.

చిన్నకోడలు నోరు తెరిచింది. ఏదైనా చెప్పొచ్చు. చీర అంచు అనొచ్చు, అమ్మ పాదాలు అనొచ్చు. ఏది చెప్పినా ఈ పిల్ల నమ్ముతుంది, బేకరీ ఆవిడలాగే కళ్ళు తుడుచుకుంటుంది. రెండూ నాలిక చివరిదాకా వచ్చాయి.

"నాకు తెలీదమ్మా," అంది. "నేను బల్ల కింద కూర్చోలేదు."

సహాయకురాలు ఫోనులోంచి తలెత్తింది.

"ఆ అమ్మ నా అమ్మ కాదు. పని కూడా నాది కాదు. నాకు పిన్ను పెట్టడం రాదు, నిన్ననే నేర్చుకున్నా." వెనక్కి తిరిగి తెర పట్టుకుని లాగింది. రింగులు ఊచకు చిక్కుకుంటే రెండోసారి గట్టిగా లాగింది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు జాకెట్టు మీద పడి, గోడలనిండా తెల్లచుక్కలు లేచాయి. "అక్కది. అన్నీ అక్కవే."

పెద్దకోడలు ఒళ్ళోని దారపు ముక్కలు దులుపుకుని లేచింది. ఎవరి ముఖమూ చూడలేదు. తిన్నగా జాకెట్టు దగ్గరికి వచ్చి, చిన్నకోడలు పెట్టిన పిన్నులు పీకేసి, గాయని జబ్బ దగ్గర అరచేయి ఆనించింది. "చెయ్యి మెల్లగా ఎత్తమ్మా. ఊఁ. దించు. మళ్ళీ ఎత్తు. ఇక్కడ లాగుతోందా?"

"అవునండీ, సరిగ్గా అక్కడే."

"చంకని వదిలెయ్యాలి. జబ్బ కుట్టు విప్పి వేలెడు బట్ట కలుపుతా. పూసల కింద కనబడదు."

"ఇంకా బాగుంది కదా మేడం," అంది సహాయకురాలు గబగబా. "అసలామె ఈమె అని బయటపడటం, అది పెడదాం. ఆంటీ, మీరు చెప్పండి, బల్ల కింద..."

"అది మా ఇంటి సంగతమ్మా," అంది పెద్దకోడలు, నోట్లో రెండు పిన్నులు పట్టుకుని. "జాకెట్టు సంగతి అడుగు, చెప్తా."

గాయని చేతులు దించింది. "ఆపెయ్యి," అంది కెమెరా అతనితో. "తీసింది కూడా తీసెయ్యి." ముక్కు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. చిన్నకోడలి వంక చూసి చిన్నగా నవ్వింది. "నాకూ ఒక కథ రాసిచ్చారు ఆంటీ. చిన్నప్పుడు రైళ్ళలో పాడుకుంటూ తిరిగానని. నాకు రైలెక్కితే వాంతులు. ఎక్కడికెళ్ళినా రైలు గురించే అడుగుతారు. ఇప్పుడు ఎవరికని చెప్పను?"

రెండు గంటలు పట్టింది. పెద్దకోడలు కిటికీ వెలుతురులో పూసల మధ్యనుంచి ఒక్కో కుట్టూ విప్పింది. చిన్నకోడలు రాలిన పూసలు ఏరి సాసరులో వేసింది. పసుపు కోటు ఎప్పుడు విప్పేసిందో ఆమెకే గుర్తులేదు. వెళ్ళేముందు గాయని జాకెట్టు వేసుకుని రెండు చేతులూ నెత్తిమీదికి ఎత్తింది. ముందరి భాగం కదల్లేదు. పెద్దకోడలి రెండు చేతులూ పట్టుకుని, వేళ్ళ కణుపుల దగ్గర గట్టిపడ్డ చర్మం చూసి, ఒకసారి నిమిరి వెళ్ళిపోయింది. వీడియో లేదు. షాపు పేరు ఎక్కడా రాదు.

మాస్టారు ఏడుసార్లు ఫోను చేశాడు. ఎనిమిదోసారి చిన్నకోడలు ఎత్తింది. ఆయన చెప్పిందంతా విని, "అవునండీ, చేతికొచ్చింది జారవిడిచాను," అని ఒప్పుకుని పెట్టేసింది. ఇంటికి వెళ్ళేటప్పుడు అక్క వెనక రెండడుగుల దూరంలో నడిచింది. రేపటినుంచి ఈ అద్దం చూసి ఎవరొస్తారు, ఎవరు రారు, అబద్ధాలకోరు అని వీధిలో ఎంతమంది అనుకుంటారు అని లెక్క వేసుకుంటూనే ఉంది. ఒప్పుకుంటే భయం పోతుందని ఎవరు చెప్పారో గాని, పోలేదు.

శనివారం పొద్దున్న వేడినీళ్ళ గిన్నె, గీకే బ్లేడు తెచ్చుకుని అద్దం ముందు కూర్చుంది. అక్షరాలు ఐదు రోజులకే గట్టిగా పట్టేశాయి. తడిగుడ్డ ఆనించి, మూల లేపి, చింపకుండా లాగాలి. మొదట చివరి వరుస తీసింది. పెద్దకోడలు తలుపు గడపమీద కూర్చుని ఎవరిదో గౌను అంచుకు చేత్తో కుట్లు వేస్తోంది. ఇద్దరి మధ్యా నీళ్ళ గిన్నె.

సగం అద్దం శుభ్రమయ్యేసరికి చిన్నకోడలి చేతులు నానిపోయాయి.

"మీ అమ్మ ఏం చేసేది?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు బ్లేడు ఆపింది. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. తన వాగుడంతటిలో ఈ సంగతి ఎప్పుడూ రాలేదని అప్పుడు తోచింది. చెప్పుకోదగ్గదని అనుకోలేదు.

"బస్టాండులో అనౌన్సుమెంట్లు చెప్పేది. ఏ బస్సు ఎక్కడ నిలబడుద్దో. గాజుగదిలో కూర్చుని మైకులో."

"ఓహో."

"అంత పెద్ద బస్టాండూ మా అమ్మ ఎటు పొమ్మంటే అటు పోయేది. మూటలేసుకుని పరుగెత్తేవాళ్ళు. ఇంటికొస్తే మాత్రం ఒక్క మాట మాట్లాడేది కాదక్కా. గొంతు పోతుందని, మర్నాటికి దాచుకునేది. అన్నం పెట్టాలన్నా చేత్తోనే సైగ. ఇంట్లో ఇద్దరమే. అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు భయమేసేది. అందుకని నేనే మాట్లాడేదాన్ని. ఆమె వైపుది కూడా నేనే మాట్లాడేసేదాన్ని. ‘బడిలో ఏం చేశావే’ అని నేనే అడుక్కుని, నేనే చెప్పుకునేదాన్ని. ఆమె వింటూ నవ్వేది." ఆగి, తడిచేత్తో జుట్టు వెనక్కి తోసుకుంది. "ఒకసారి నాకు బాగా జ్వరమొస్తే, మంచం పక్కన కూర్చుని పొద్దుపోయేదాకా బస్సుల పేర్లన్నీ చెప్పింది. ఆమెకి వచ్చిన మాటలు అవే."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. పెద్దకోడలు దారం చుట్టి ముడివేసి, పళ్ళతో తెంపింది.

"ఇది మాత్రం ఆ మాస్టారికి చెప్పకు," అంది.

"చెప్పనక్కా."

"నాకు ఇంకోసారి చెప్పు. ఏమేం బస్సులు?"

చిన్నకోడలు బ్లేడు పక్కనపెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.